విజయనగరం పేటల్లో అద్దెకు ఉండటం: తరచుగా అడిగే ప్రశ్నలు

బదిలీ మీదనో, పిల్లల చదువు కోసమో, పెద్దవాళ్లను దగ్గర పెట్టుకోవాలనో విజయనగరంలో ఇల్లు వెతుక్కునేవారు మమ్మల్ని అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు రాశాము. కింద ఇంటివారు, మేడ మీద అద్దెవారు ఉండి, పాల ప్యాకెట్టుకూ బడికీ గుడికీ నడిచి వెళ్లగలిగిన వీధుల గురించే ఇందులో ఎక్కువగా ఉంటుంది. అపార్టుమెంట్ల వ్యవహారం వేరు.

నడిచి బతకడానికి వీలైన పేట అని ముందుగా ఎలా తెలుసుకోవాలి?

ఇల్లు చూడటానికి బండి మీద వెళ్లవద్దు. ఆటో కూడా వీధి మొదట్లోనే దిగిపోయి, అక్కడి నుంచి నడవండి. ఆరోగ్యవంతుడైన మనిషి పావుగంటలో దాదాపు కిలోమీటరు నడుస్తాడు. చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లికి, మోకాళ్ల నొప్పులున్న తండ్రికి అందులో సగం దూరమే సాధ్యం. మీ ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని దృష్టిలో పెట్టుకుని, ఆ దూరంలో కిరాణా కొట్టు, పాలు, కూరగాయలు, మందుల షాపు, ప్రాథమిక పాఠశాల, ఆటో దొరికే కూడలి ఉన్నాయో లేదో చూడాలి. ఈ ఆరింటిలో నాలుగు ఉంటే మంచి పేటే.

దూరం ఒక్కటే చూస్తే సరిపోదు. మన ఊళ్లో చాలా వీధులకు కాలిబాట ఉండదు, మురుగు కాలువ మీద వేసిన పలకలే కాలిబాట. ఆ పలకలు పగలకుండా వరుసగా ఉన్న వీధికీ, రెండు పలకలు లేచిపోయి మధ్యలో నోరు తెరిచిన కాలువ ఉన్న వీధికీ వృద్ధుల విషయంలో చాలా తేడా ఉంటుంది. వీధిదీపాలు వెలుగుతున్నాయో లేదో రాత్రి ఎనిమిది దాటాక మరోసారి వెళ్లి చూడండి. కుక్కలు ఏ మూల గుంపుగా ఉంటాయో అప్పుడే తెలుస్తుంది. ఉదయం ఆరు నుంచి ఏడు మధ్య ఒకసారి వెళ్తే ఇంకా మంచిది. ఆ వేళ ఆడవాళ్లు గుమ్మాల ముందు కళ్లాపి చల్లి ముగ్గులు వేస్తూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారా, తలుపులన్నీ మూసి ఉన్నాయా అన్నది చూస్తే ఆ వీధి ఎలాంటిదో సగం అర్థమవుతుంది.

ఏ పేటలు చూడమంటారు?

గంటస్తంభం, మూడు లాంతర్లు, కోట, అయ్యకోనేరు గట్టు చుట్టుపక్కల పాత పట్నంలో అన్నీ కాలినడకన దొరుకుతాయి. అయితే వీధులు ఇరుకు, ఇళ్లు పాతవి, వెలుతురు తక్కువ, కారు నిలుపుకోవడానికి చోటు ఉండదు. దాసన్నపేట, కొత్తపేట, తోటపాలెం, కంటోన్మెంటు, బాలాజీనగర్ వైపు గదులు కాస్త పెద్దవిగా దొరుకుతాయి. గాజులరేగ, కణపాక వంటి అంచు ప్రాంతాల్లో కొత్త ఇళ్లు, గాలి, వెలుతురు ఉంటాయి, కానీ కొన్ని లేఅవుట్లలో నాలుగిళ్లకొక ఖాళీ స్థలం ఉండి, కొత్తిమీర కట్ట కావాలన్నా బండి తీయవలసి వస్తుంది. ఒకే పేటలో ఒక వీధికీ మరో వీధికీ కూడా ఇంత తేడా ఉంటుంది కనుక పేట పేరు చూసి నిర్ణయం తీసుకోవద్దు.

ఇల్లు వెతకడానికి మంచి సమయం ఏది?

బళ్లు తెరిచే జూన్‌కు ముందు, అంటే ఏప్రిల్ చివరి నుంచి, గిరాకీ ఎక్కువగా ఉంటుంది. ఆషాఢంలోనూ మూఢంలోనూ గృహప్రవేశాలు చేయరు కనుక ఇళ్లు ఖాళీగా ఉంటాయి, అద్దె విషయంలో ఇంటివారు కొంత దిగివస్తారు. ఈ పట్టింపు మీకు లేకపోతే ఆ నెల మీకు అనుకూలమే. పట్టింపు ఉంటే, ఇల్లు ఆషాఢంలో మాట్లాడుకుని, శ్రావణంలో మంచిరోజు చూసి పాలు పొంగించుకునేవారు చాలామంది ఉన్నారు. ఇంటివారు కూడా దీన్ని తప్పుపట్టరు, కాకపోతే ఆ మధ్య రోజులకు అద్దె లెక్క వస్తుందో రాదో ముందే తేల్చుకోవాలి.

బ్రోకరు లేకుండా దొరుకుతుందా?

దొరుకుతుంది. టులెట్ బోర్డు కట్టకముందే వీధి చివర కిరాణా కొట్టు యజమానికి, పాలు వేసే మనిషికి, ఇస్త్రీ బండి వారికి ఏ వాటా ఖాళీ అవుతుందో తెలుస్తుంది. వారిని మర్యాదగా అడిగి, మీరు ఏం చేస్తారో, ఇంట్లో ఎంతమందో చెప్పి, ఫోన్ నంబరు ఇచ్చి రండి.

ఇల్లు చూసేటప్పుడు ముఖ్యంగా గమనించవలసినవి ఏమిటి?

మొదటిది నీరు. మునిసిపల్ కుళాయి ఏ వేళకు వస్తుంది, ఎంతసేపు వస్తుంది, అద్దెవారికి వేరే కుళాయి ఉందా, బోరు నీరు ఉప్పగా ఉంటుందా, మోటారు ఎవరు వేస్తారు అన్న ఈ ప్రశ్నలను ఇంటివారిని కాక, ప్రస్తుతం ఆ ఇంట్లో ఉంటున్న అద్దెవారిని అడగండి. వేసవిలో ఎలా ఉంటుందని ప్రత్యేకంగా అడగాలి. కొన్ని పాత ఇళ్లలో పెరటి నుయ్యి ఇప్పటికీ వాడకంలో ఉంది. అలాంటి ఇంట్లో మే నెలలో కూడా నీటికి కటకట ఉండదు కనుక మేము దాన్ని పెద్ద వసతిగానే లెక్కిస్తాము.

రెండవది వాన. కింది వాటా తీసుకోదలిస్తే గోడల అడుగు భాగాన్ని దగ్గరగా వంగి చూడండి. నేల నుంచి జానెడు ఎత్తు వరకు రంగు పొక్కులు లేచి, ఆ పొక్కుల పైఅంచు గోడ పొడవునా ఒకే గీతగా సాగితే, అక్కడ నీరు నిలిచిందని అర్థం. కొత్తగా రంగు వేసి ఉంటే తలుపు చట్రం కింది చెక్కను వేలితో నొక్కండి, తడి తిన్న చెక్క మెత్తగా లోపలికి పోతుంది. మన జిల్లాకు అక్టోబరు, నవంబరు నెలలు తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు పోయి జనం ఎంత అవస్థ పడ్డారో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. ఆ తుఫానుకు ఈ ఇంట్లో ఏం జరిగింది, వీధిలో నీరు ఎంతవరకు వచ్చింది అని పక్కింటి పెద్దవారిని అడిగితే నిజం తెలుస్తుంది.

మేడ మీద వాటా అయితే పైకప్పు వేడి, మెట్ల వెడల్పు చూసుకోవాలి. బయటి నుంచి వేసిన సన్నటి మెట్ల మీదుగా బీరువా ఎక్కుతుందో లేదో సామాను లారీ వచ్చాక ఆలోచించి లాభం లేదు.

కరెంటుకు వేరే మీటరు ఉండాలని ఎందుకు పట్టుబట్టాలి?

ఎందుకంటే గృహ విద్యుత్ రేటు వాడకం పెరిగేకొద్దీ పెరుగుతుంది. 2022లో అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 31 నుంచి 75 వరకు 3 రూపాయలు, 76 నుంచి 125 వరకు 4.50, 126 నుంచి 225 వరకు 6 రూపాయలు. మీరు 110 యూనిట్లు, ఇంటివారు 110 యూనిట్లు వాడారనుకుందాం. రెండు సర్వీసులు, అంటే వేర్వేరు కరెంటు కనెక్షన్లు ఉంటే ఒక్కొక్కరికి 349.50 రూపాయల చొప్పున మొత్తం 699 అవుతుంది. రెండు వాటాలూ ఒకే సర్వీసు మీద ఉంటే 220 యూనిట్లకు 987 అవుతుంది. స్థిర ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు ఈ లెక్కలో కలపలేదు. ఎవరూ అదనంగా ఒక్క బల్బు వెలిగించకుండానే నెలకు 288 రూపాయలు ఎక్కువ కట్టవలసి వస్తుందన్నమాట.

సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు ఇంత అని వసూలు చేసే ఇళ్లలో ఆ రేటు ఎంతో అద్దె మాట్లాడే రోజే అడగండి. వేరే సర్వీసు ఉంటే, చేరే రోజు మీటరు రీడింగును ఫోటో తీసి, పాత బాకీ లేదని చూసుకుని, సర్వీసు నంబరు రాసుకోండి. ఫిర్యాదులకు విద్యుత్ సంస్థ నంబరు 1912.

అడ్వాన్సు ఎంత ఇవ్వాలి?

ఇక్కడ సాధారణంగా కొన్ని నెలల అద్దె అడుగుతారు, ఎన్ని నెలలన్నది ఇంటిని బట్టి, ఇంటివారిని బట్టి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించకూడదని చెప్పింది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే వర్తిస్తుంది, అయినా బేరమాడేటప్పుడు మర్యాదగా ప్రస్తావించడానికి పనికొస్తుంది. ఎంత ఇచ్చినా బ్యాంకు ద్వారా ఇవ్వండి, చేతికి ఇస్తే రశీదు తీసుకోండి. ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు కింద ఒక నెల అద్దె మినహాయించుకునే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆరేళ్లు ఉన్నవారికీ ఆరు నెలలు ఉన్నవారికీ అదే కోత వేయడం న్యాయం కాదని మా అభిప్రాయం. ఎన్నాళ్లు ఉంటే ఎంత అన్నది ఒప్పందంలోనే రాయించుకోండి.

ఒప్పందం పదకొండు నెలలకే ఎందుకు రాస్తారు?

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మూలరూపంలో ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలి. మన రాష్ట్రంలో మాత్రం 1999 నాటి సవరణ తరువాత గడువు ఎంతైనా లీజును రిజిస్టరు చేయించాలి. అయినా ఆ ఖర్చు, తిరుగుడు తప్పించుకోవడానికి పదకొండు నెలలకు రాసుకునే అలవాటు ఉంది. నోటరీ చేయించడం రిజిస్ట్రేషన్‌తో సమానం కాదు. తెలిసినవారే కదా, కాగితమెందుకు అని ఇంటివారు అన్నా, మీరే ముద్రపత్రం తెచ్చి రాయించండి. తెలిసినవారి మధ్య వచ్చిన తగాదా ఎక్కువ బాధ పెడుతుంది. అద్దె, చెల్లించే తేదీ, అడ్వాన్సు, ఏటా పెంపు ఎంత, నీటికీ కరెంటుకూ ఎవరు కట్టాలి, మరమ్మతులు ఎవరివి, ఖాళీకి ఎన్నాళ్ల ముందు చెప్పాలి అన్నవి అందులో స్పష్టంగా ఉండాలి. గడువు గురించి ఏమీ రాసుకోకపోతే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నెలవారీ అద్దెకు పదిహేను రోజుల నోటీసు చాలు. పిల్లలు బడిలో ఉన్న కుటుంబానికి పదిహేను రోజుల్లో మరో ఇల్లు దొరకడం కష్టం కనుక రెండు నెలలని రాయించుకోవడం మంచిది.

ఇంటివారు మా కులం, మా తిండి గురించి అడుగుతున్నారు. ఏం చేయాలి?

ఇది ఇప్పటికీ జరుగుతోంది. ‘మీరెవరు’ అన్న ప్రశ్నకు ఉద్యోగం పేరు చెప్తే, ‘అది కాదండీ’ అని మళ్లీ అడిగేవారు ఉన్నారు. ఈ ప్రశ్నతో ఇల్లు నిరాకరించడం తప్పని మేము నమ్ముతాము, అడిగిన ఇంటివారితో ఆ మాట చెప్పాము కూడా. అయినా ఇల్లు వెతుక్కునే మనిషికి ఆ సాయంత్రం తలదాచుకునే చోటు కావాలి కాబట్టి మా సలహా ఇది: మాంసం వండుతామని గానీ, బంధువులు తరచుగా వస్తారని గానీ దాచి చేరవద్దు. దాచి చేరిన ఇంట్లో ప్రతి ఆదివారం కిటికీలు మూసుకుని వండుకోవలసి వస్తుంది. ఆ బతుకు కంటే ఇంకో పది రోజులు వెతకడం నయం. ఏ ప్రశ్నా వేయకుండా తాళంచెవి ఇచ్చే ఇంటివారు ప్రతి పేటలోనూ ఉన్నారు, కిరాణా కొట్టు యజమానికి వారెవరో తెలుసు. ఒంటరి మహిళలకు, నర్సులకు, అవివాహిత ఉద్యోగులకు ఇల్లు దొరకడం ఇంకా కష్టంగానే ఉంది, వారి విషయంలో అదే వీధిలో ఉన్న సహోద్యోగి ఒకరు వచ్చి ఒక మాట చెప్తే పని సులువవుతుంది.

అద్దె ఇంట్లో పురుడు, మరణం వంటివి జరిగితే?

ఇది అడగడానికి నోరు రాని ప్రశ్న, కానీ ఇంట్లో వృద్ధులున్నవారు తప్పక అడగాలి. ఆసుపత్రిలో చనిపోయిన మనిషిని అద్దె ఇంటికి తీసుకురావద్దని, గుమ్మం బయటే ఉంచమని, లేదా నేరుగా శ్మశానానికి తీసుకువెళ్లమని చెప్పిన ఇంటివారున్నారు. పన్నెండు రోజుల కార్యక్రమం తమ ఇంట్లో వద్దన్నవారున్నారు. తల్లి శవాన్ని ఎక్కడ దించాలో తెలియక అంబులెన్సును వీధి చివర ఆపుకుని ఫోన్లు చేసుకునే కొడుకు పరిస్థితి ఎవరికీ రాకూడదు.

కనుక ఇల్లు మాట్లాడేటప్పుడే, ‘మా నాన్నగారికి ఎనభై ఏళ్లు. రేపు ఏదైనా జరిగితే ఈ ఇంటి నుంచే సాగనంపుకోవాలి, మీకు అభ్యంతరం లేదు కదా’ అని పెద్దల సమక్షంలో అడగండి. శాస్త్రం ఒప్పుకోదని ఎవరైనా చెబితే వాదించకుండా మరో ఇల్లు చూసుకోండి. సరేనన్న ఇంటివారు అద్దె కాస్త ఎక్కువ అడిగినా మేమైతే ఆ ఇల్లే తీసుకుంటాము. పురిటి విషయమూ ఇంతే. కూతురు పుట్టింటికి పురిటికి వస్తుందంటే నీళ్లకు, వచ్చేపోయే బంధువులకు ఇబ్బంది లేకుండా ఇంటివారితో ముందుగా ఒక మాట చెప్పడం మర్యాద.

ఇంటి యజమానులు కూడా ఈ పేజీ చదువుతారు కనుక వారికి ఒక విన్నపం. మీ ఇంట్లో పదేళ్లు దీపం పెట్టుకున్న కుటుంబం, తమ మనిషిని ఆ గుమ్మం లోపల కొన్ని గంటలు ఉంచుకోవడానికి మిమ్మల్ని బతిమాలవలసిన స్థితి తీసుకురావద్దు.

ఇంటివారు కిందే ఉంటారు. మా స్వేచ్ఛకు అడ్డు కాదా?

రాత్రి గేటుకు తాళం ఎన్నింటికి వేస్తారు, రెండో తాళంచెవి ఇస్తారా, డాబా మీద బట్టలు ఆరవేసుకోవచ్చా, బండి ఎక్కడ పెట్టాలి అన్న నాలుగు విషయాలు ముందే తేలితే చాలా వరకు పేచీ ఉండదు. మరమ్మతు కోసమో ఇల్లు చూసుకోవడానికో యజమాని లోపలికి రావాలంటే ఇరవైనాలుగు గంటల ముందు చెప్పాలని, తగాదా వచ్చినా నీరు, కరెంటు ఆపకూడదని నమూనా చట్టం చెబుతుంది. ఈ రెండు మాటలూ ఒప్పందంలో రాయించుకోవచ్చు. ఇంటివారు కింద ఉండటంలో మేలు కూడా ఉంది. ఊరెళ్లినప్పుడు ఇంటిని ఒక కంట కనిపెడతారు, అర్ధరాత్రి జ్వరం వస్తే ఏ డాక్టరు తలుపు తీస్తారో వారే చెబుతారు.

పేటలో కలవడానికి ఏం చేయాలి?

చేరిన వారంలోపు అటు రెండిళ్లకు, ఇటు రెండిళ్లకు, ఎదురింటికి వెళ్లి పలకరించి రండి. వయసును బట్టి మామ్మగారు, పిన్నిగారు, మాస్టారు, బాబాయిగారు అని పిలిస్తే చాలు. తర్వాత పిల్లలే మిమ్మల్ని కలుపుతారు. సాయంత్రం వీధిలో ఆడుకునే పిల్లల్ని విసుక్కుని తరిమే ఇంటికి ఎవరూ దగ్గర కారు. కాలువలో చెత్త వేయకుండా పారిశుద్ధ్య కార్మికులకే ఇవ్వడం, ఎదురింటి గుమ్మానికి అడ్డంగా కారు పెట్టకపోవడం, ఫంక్షనుకు వీధిలో షామియానా వేయాలంటే ముందు రోజే అందరికీ చెప్పడం ఇక్కడి పద్ధతులు.

చనువుకు ఒక ధర ఉంది. మీ ఇంటికి ఎవరు వచ్చారో, ఎప్పుడు వెళ్లారో అరుగు మీద కూర్చున్న పెద్దలకు తెలుస్తుంది, వారు అడుగుతారు కూడా. అది భరించలేనివారికి అపార్టుమెంటే హాయి.

శబ్దం ఎక్కువా?

గుడి మైకు, పెళ్లి బ్యాండు ఎక్కడైనా ఉంటాయి. మన ఊరికే ప్రత్యేకమైనది సంగీత సాధన. 1919లో మొదలై ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడిగా ఉన్న మహారాజా సంగీత కళాశాల పుణ్యమా అని, ఆ చుట్టుపక్కల గదులు తీసుకున్న విద్యార్థులు తెల్లవారుజామున వయొలిన్ మీద సరళీ వరుసలు వాయిస్తూ ఉంటారు. దాన్ని మేము శబ్దం కింద లెక్కించము.

సిరిమాను పండుగ రోజు ఎలా ఉంటుంది?

విజయదశమి తరువాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను, ముందు రోజు తొలేళ్లు. మూడు లాంతర్ల దగ్గరి గుడి నుంచి కోట వరకు సిరిమాను, అంటే పూజారి కూర్చునే పొడవాటి మాను, మూడుసార్లు తిరుగుతుంది. ఆ దారిలో డాబా ఉన్న ఇల్లు అద్దెకు తీసుకుంటే ఆ రోజు ఇంటివారి చుట్టాలు, మీ చుట్టాలు, వారి స్నేహితులు అందరూ మీ డాబా మీదే ఉంటారు, అందుకు సిద్ధపడాలి. బండ్లు కదలవు కనుక మందులు, పాలు ముందు రోజే తెచ్చుకోవాలి, ప్రయాణాలు పెట్టుకోకూడదు. వినాయక చవితికి, భోగి మంటకు వీధి కుర్రాళ్లు చందాకు వస్తారు. అద్దెవారు కదా అని వదిలిపెట్టరు. మీకు తోచినంత ఇచ్చి నిమజ్జనానికి కూడా వెళ్లండి.

విశాఖలో ఉద్యోగం చేస్తూ ఇక్కడ ఉండవచ్చా?

చాలామంది ఉంటున్నారు. రైలులో సుమారు గంట ప్రయాణం, బస్సులూ తరచుగా ఉన్నాయి. అలాంటివారు మిగతా వసతులు కాస్త తగ్గినా స్టేషనుకో ఆర్టీసీ కాంప్లెక్సుకో నడిచి వెళ్లగలిగిన ఇల్లే తీసుకోవాలి. రోజూ రెండుసార్లు ఆటో కోసం నిలబడటం అలవాటైతే ఈ ఊళ్లో ఉండి లాభం లేదు.

ఆదాయపు పన్ను కోసం అద్దె రశీదులు ఇస్తారా?

పాత పన్ను విధానంలో ఇంటి అద్దె భత్యానికి మినహాయింపు కోరేవారికి రశీదులు కావాలి. ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటితే యజమాని పాన్ నంబరు కూడా ఇవ్వాలి. కొందరు ఇంటివారు పాన్ ఇవ్వడానికి ఇష్టపడరు కాబట్టి చేరకముందే అడగండి.

చిరునామా మార్పులు?

ఒప్పందం పత్రం చేతిలో ఉంటే చాలా పనులు జరుగుతాయి. గ్యాస్ కనెక్షన్ బదిలీ చేయించుకోండి, ఓటు మార్పుకు ఫారం 8 ఇవ్వండి. మిగతా పనులకు మీ వార్డు సచివాలయంలో అడగవచ్చు.

ఖాళీ చేసేటప్పుడు ఏం చూసుకోవాలి?

ఒప్పందంలో రాసుకున్న గడువుకు ముందే, నోటితోనూ వాట్సాప్‌లోనూ తెలియజేయండి. కొత్త అద్దెవారు ఇల్లు చూడటానికి వచ్చినప్పుడు నీటి గురించి, వాన గురించి వారికి నిజమే చెప్పండి. మీరు చేరేటప్పుడు కోరుకున్నది అదే కదా. చివరి నెల అద్దెను అడ్వాన్సులో సర్దుకోమనడం మామూలే, కానీ ఇంటివారు ఒప్పుకుంటేనే. కరెంటు చివరి రీడింగు ఇద్దరూ కలిసి చూసి, ఆ మేరకు చెల్లించి, మిగిలిన అడ్వాన్సు సామాను లారీ ఎక్కే రోజే తీసుకోండి. తర్వాత పంపుతామన్న సొమ్ము కోసం తిరగడం కష్టం. కిరాణా కొట్టు ఖాతా, పాలవారి లెక్క, పనిమనిషి జీతం, ఇస్త్రీ బాకీ ముందు రోజు సాయంత్రానికే తీర్చేయండి. గోడకు కొట్టిన మేకులు తీసి, తాళంచెవులన్నీ ఇంటివారి చేతికి ఇచ్చి, ఒప్పందం కాగితం మీద ‘లెక్కలు పూర్తయ్యాయి’ అని ఇద్దరూ సంతకాలు చేసుకోవాలి.